తూము పూడితే కట్ట తెంచుతారా?



ఫార్మాటు మరమ్మతు కాదు. ఈ టపాలో నేను చెప్పదలచినది ఇంతే. తక్కినదంతా ఈ వాక్యానికి వ్యాఖ్యానం. ఒక డిస్కులో విండోస్, మరొక డిస్కులో లినక్స్ పెట్టుకున్న కంప్యూటరు ఒక ఉదయం మొరాయించిందంటే, చాలా సందర్భాలలో తప్పిపోయినది దారి మాత్రమే. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంటుంది. దారి తప్పిందని ఇంటినే పడగొట్టే ఆచారం మన ఊళ్ళలో స్థిరపడిపోయింది. దానిని వృత్తిగా చేసుకున్నవారు చదువుకున్నవారే, దానికి తల ఊపుతున్నవారూ చదువుకున్నవారే. నా కోపమంతా అందుకే.

మాది మార్కాపురం, పలకలు పుట్టిన ఊరు. నా తరంలో ఎందరో తెలుగు పిల్లలు మా ఊరి రాతి మీదనే ఓనమాలు దిద్దారు. పలక స్వభావం మాకు ఒకరు చెప్పనక్కరలేదు. వ్రాయాలి, తుడవాలి, మళ్ళీ వ్రాయాలి. దాని ప్రయోజనమే అది. తాళపత్రం సంగతి వేరు. గంటంతో ఒకసారి గీసినది నిలవడానికే గీస్తారు. తెలుగు పండితునిగా ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పనిచేసినవాడిని కనుక, ఏది తుడవదగినదో ఏది తుడవరానిదో పిల్లలకు చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగంగా ఉండేది. హార్డు డిస్కు ఆకారంలో పలకను పోలి ఉండవచ్చు గాని, దానిలో ఉన్నది తాళపత్రాల కట్ట. ఈ భేదం తెలియని చేతిలో పడితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను.

గిద్దలూరు వైపు పల్లెలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నా సహోద్యోగి ఒకరు నాలుగేళ్ళుగా మా పడమటి ప్రాంతపు మాటలు సేకరిస్తూ వచ్చారు. మెట్ట సేద్యంలో గొర్రుకూ గుంటకకూ సంబంధించిన మాటలు, పలక గనులలో రాయి చీల్చేవారి మాటలు, నల్లమల అంచున మేకలు కాసేవారి మాటలు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా మా తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. అందువల్ల మా నోట సీమ పలుకుబడీ ఉంటుంది, కోస్తా పలుకుబడీ ఉంటుంది. ఇటువంటి సరిహద్దు మాటలను నిఘంటువులు సాధారణంగా పట్టించుకోవు. వాటిని పలికే ముసలివారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఆ పని విలువ ఏపాటిదో చదువరులే గ్రహించగలరు.

ఆయన కంప్యూటరులో రెండు డిస్కులు ఉండేవి. అచ్చుపనికి పేజ్‌మేకరూ అను ఖతులూ కావాలి కనుక ఒక డిస్కులో విండోస్. యూనికోడులో హాయిగా వ్రాసుకోవడానికి రెండవ డిస్కులో లినక్స్. మాటల సేకరణ అంతా ఈ రెండవ దానిలోనే. విండోసుకు ఏదో నవీకరణ వచ్చిన మరునాడు లినక్స్ కనబడడం మానేసింది. మీట నొక్కగానే ఎంపిక పట్టిక రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంది. ఆయన పెట్టెను ఆటోలో పెట్టుకుని ఒక మరమ్మతుల అంగడికి వెళ్ళారు. అక్కడి కుర్రవాడు విండోసులోనే డిస్కుల పట్టిక తెరిచాడు. రెండవ డిస్కులోని పెద్ద విభాగానికి పేరు లేదు, అక్షరం లేదు, లోపల ఫైళ్ళూ కనబడలేదు.

"ఈ డిస్కు పోయింది సార్. ఫార్మాట్ కొడితే సరిపోద్ది."

"అందులో నా రాతలన్నీ ఉన్నాయి నాయనా."

"ఏం లేవు సార్, ఖాళీగా ఉంది. మీరే చూడండి."

కుర్రవాడు తన పెన్‌డ్రైవుతో యంత్రాన్ని లేపి, ఆ డిస్కులోని విభాగాలన్నింటినీ తొలగించాడు. తిరిగి మీట నొక్కితే ఈసారి విండోస్ కూడా లేవలేదు. "ఇది కూడా పోయింది సార్" అని దానినీ తుడిచాడు. సాయంకాలానికి మిగిలినవి కొత్త విండోస్, ఖాళీ డిస్కులు రెండు, ఐదు వందల రూపాయల బిల్లు. పోయినవి నాలుగేళ్ళ మాటలు. ఆయన దగ్గర ఇప్పుడు ఉన్నవి అప్పుడప్పుడు అచ్చు తీయించుకున్న కొన్ని కాగితాలు.

ఆ ఉదయం ఆ కంప్యూటరులో ఏ డిస్కుకూ రోగం లేదు. ఆ వివరం విన్న ఎవరైనా, కొంచెం తెలిసినవారైతే, ఈ మాటే చెబుతారు. విండోస్ ఆ విభాగాన్ని ఖాళీగా చూపడానికి కారణం సామాన్యమైనది. లినక్స్ సాధారణంగా వాడే ఫైళ్ళ అమరికను, ఎక్స్‌ట్4 అనేదానిని, విండోస్ తనంతట తాను చదవలేదు. బయటి డిస్కుగా తగిలిస్తే అయితే మరీ అన్యాయం. దానిని వాడాలంటే ముందు ఫార్మాటు చేయవలెనని, చేయమంటారా అని, తెర మీద ప్రశ్న వేయడం కూడా కద్దు. తనకు రాని లిపి కనబడితే "నాకు చదవడం రాదు" అనడం మర్యాద. "ఇక్కడేమీ లేదు, తుడిచేయమంటారా?" అనడం ఏ భాషలోనూ మర్యాద కాదు. తమిళ తాళపత్రం చేతికందిన తెలుగువాడు దానిని పొయ్యిలో పెట్టమని సలహా ఇస్తే మనం ఊరుకుంటామా? లినక్స్ చేసే పని చూడండి. అది విండోస్ డిస్కును చదువుతుంది, వ్రాస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది. చదువు రాకపోవడం నేరం కాదు. రాని చదువును శూన్యమని ప్రకటించడం నేరం.

ఇంతకూ మీట నొక్కినప్పుడు ఏమి జరుగుతుందో తెలిస్తే, ఏది చెడిందో వెతకడం సులువవుతుంది. మనలో చాలామందిమి ఎక్స్‌పీ రోజుల వాళ్ళం. తెలుగు అక్షరాలు విడిపోకుండా కనబడడానికి సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ పెట్టి, పోతన ఖతి దించుకుని ఆనందించినవాళ్ళం. ఆనాటి యంత్రాలలో డిస్కు మొట్టమొదటి 512 బైట్లలో 446 బైట్ల చిన్న కార్యక్రమం ఒకటి ఉండేది. బయాస్ దానిని లేపేది, అది తక్కినదానిని లేపేది. లినక్స్ ఉన్న డిస్కు మీద ఎక్స్‌పీని మళ్ళీ ఎక్కిస్తే ఆ 446 బైట్లను తన వాటితో నింపేది. లినక్స్ ఎక్కడికీ పోలేదు, పిలిచేవాడు పోయాడంతే. అప్పుడు కూడా "లినక్స్ ఎగిరిపోయింది" అనేవారు.

2012లో విండోస్ 8 వచ్చిన నాటి నుంచి బజారులోకి వచ్చిన యంత్రాలలో యూఈఎఫ్ఐ అనే పద్ధతి వ్యాపించింది. దీనిలో మూడు అంగాలు ఉన్నాయి. మొదటిది, మదర్‌బోర్డు తన జ్ఞాపకంలో దాచుకునే పిలుపుల జాబితా: ముందు ఎవరిని లేపాలి, వారు లేవకపోతే ఎవరిని. రెండవది, డిస్కులో ఈఎస్పీ అనే చిన్న విభాగం. లేపవలసిన కార్యక్రమాలు దానిలో ఒక్కొక్క అరలో ఉంటాయి, మైక్రోసాఫ్టుకు ఒక అర, ఉబుంటుకు ఒక అర. మూడవది అసలు వ్యవస్థ, దానితో పాటు మన రాతలూ బొమ్మలూ ఉండే పెద్ద విభాగం. మన సర్వస్వం మూడవ దానిలో ఉంటుంది. సాధారణంగా చెడేది మొదటిది, లేదా రెండవది.

మా కంభం చెరువు చూసినవారికి ఇది అరనిమిషంలో అర్థమవుతుంది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి నిలిపిన చెరువది. పొలానికి నీరు రావడం లేదంటే రైతు ముందు కాలువ చూస్తాడు, తరువాత తూము చూస్తాడు. తూము పూడిపోయి ఉంటే పూడిక తీస్తాడు. తూము పూడిందని కట్టకు గండి కొట్టే రైతును నేను ఎరుగను. పిలుపుల జాబితా కాలువ, ఈఎస్పీ తూము, డిస్కులోని రాతలు చెరువు. మన మరమ్మతుల అంగళ్ళలో నిత్యం జరుగుతున్నది గండి కొట్టడమే.

"వేరువేరు డిస్కులలో పెట్టుకున్నాము కదా, ఒకదానికి మరొకదానితో పనేమిటి?" అని అడిగేవారు ఉన్నారు. నా సహోద్యోగి విషయంలో రెండవ డిస్కు తుడిస్తే మొదటి డిస్కులోని విండోస్ ఎందుకు లేవలేదు? జవాబు ఈ భ్రమలోనే ఉంది. విండోస్ ఎక్కించేటప్పుడు, యంత్రంలో అప్పటికే మరొక డిస్కులో ఈఎస్పీ ఉంటే, తన లేపే కార్యక్రమాన్ని అందులోనే పెట్టడం తరచుగా జరిగే పని. ఆయన యంత్రంలో లినక్స్ ముందు వచ్చింది, విండోసును తరువాత తిరిగి ఎక్కించారు. కనుక విండోస్ ఇల్లు ఒక డిస్కులో, దాని తాళంచెవి మరొక డిస్కులో. రెండవ డిస్కును తుడిచినప్పుడు తాళంచెవి కూడా పోయింది. అప్పటికైనా కుర్రవాడు ఆగి ఆలోచిస్తే, విండోస్ డిస్కులో కొంచెం చోటు చేసి, కొత్త ఈఎస్పీ సృష్టించి, బీసీడీబూట్ అనే ఆదేశం ఒక్కటి ఇచ్చి ఉంటే విండోస్ లేచేది. ఆగలేదు.

ఈ విషయంలో లినక్స్ వారిని కూడా వదలను. ఉబుంటును ఎక్కించే కార్యక్రమం ఎన్నో ఏళ్ళపాటు, లేపే కార్యక్రమాన్ని రెండవ డిస్కులో పెట్టమని మనం స్పష్టంగా ఎంచుకున్నా, మొదట కనబడిన ఈఎస్పీలోనే పెట్టేది. ఈ లోపాన్ని వాడుకరులు ఎన్నిమార్లు మొరపెట్టుకున్నా చాలాకాలం అలాగే ఉండిపోయింది. స్వేచ్ఛ గురించి ఉపన్యసించేవారు, వాడుకరి ఎంచుకున్నదానిని గౌరవించడం అన్నింటికంటే ముందు నేర్చుకోవలసిన పాఠం.

నా శాస్త్రంలో దీనికి పోలిక ఉంది. ద్వంద్వ సమాసంలో రెండు పదాలకూ ప్రాధాన్యం సమానం. రామలక్ష్మణులు అన్నప్పుడు ఎవరూ ఎవరికీ విశేషణం కారు. తత్పురుషలో అలా కాదు, ఉత్తరపదానిదే పెత్తనం. వేరువేరు డిస్కులలో రెండు వ్యవస్థలు పెట్టుకునేవాడు ద్వంద్వం కోరుకుంటాడు. ఎక్కించే కార్యక్రమాలు అతనికి తెలియకుండా దానిని తత్పురుషగా మార్చి చేతిలో పెడతాయి. చూడటానికి సమాసం ఒకటే, విగ్రహవాక్యం చెప్పుకుంటే గాని మోసం బయటపడదు. అందువల్ల ఒక వ్యవస్థను ఎక్కించేటప్పుడు, కరెంటు తీగ ఊడదీసి, రెండవ డిస్కు తీగ కూడా విప్పి పక్కన పెట్టమని పెద్దలు చెబుతారు. ఎదురుగా మరొక డిస్కే లేకపోతే, అతి తెలివి చూపడానికి అవకాశం ఉండదు. విప్పడానికి వీలు కాని చిన్న డిస్కులైతే, కొన్ని బోర్డులలో వాటిని సెట్టింగులలో తాత్కాలికంగా నిలిపివేయవచ్చు. ఆ విధంగా ఎవరి ఈఎస్పీ వారి డిస్కులో ఉంటే, ఒకటి పోయినా రెండవది బ్రతుకుతుంది. అప్పుడే అది ద్వంద్వం.

అయినా రెండింటికీ ఉమ్మడిగా ఒకటి మిగులుతుంది. అది మదర్‌బోర్డు జ్ఞాపకం. 2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్టు విడుదల చేసిన భద్రతా నవీకరణ కథ ఇందుకు సాక్ష్యం. గ్రబ్ అనే లినక్స్ లేపే కార్యక్రమంలో పాతవాటికి ఉన్న ఒక లోపాన్ని అడ్డుకోవడానికి, వాటిని లేవనీయరాదనే నిషేధాన్ని ఆ నవీకరణ మదర్‌బోర్డు జ్ఞాపకంలో వ్రాసింది. రెండు వ్యవస్థలు ఉన్న యంత్రాలకు ఇది వర్తించదని సంస్థ చెప్పింది. వర్తించింది. లోకమంతటా ఎందరో మరునాడు లినక్స్ తెరవబోతే, ఏదో తీవ్రంగా చెడిపోయిందనే అర్థం వచ్చే సందేశం చూపించి యంత్రం ఆగిపోయింది. లినక్స్ వేరే డిస్కులో ఉన్నా కొందరికి ఇదే గతి. పెన్‌డ్రైవులోని లినక్స్ కూడా కొందరికి లేవలేదు, ఎందుకంటే నిషేధం ఉన్నది డిస్కులో కాదు, బోర్డులో. పూర్తి పరిష్కారం 2025 మే నెల నవీకరణతో గాని రాలేదు. తొమ్మిది నెలలు! భద్రత అక్కరలేదని నేను అనను. ఉమ్మడి వాకిలిలో తాళం వేసేటప్పుడు రెండవ కాపురం వారికి చెప్పి వేయాలని మాత్రమే అంటాను.

ఆ తొమ్మిది నెలల్లోనూ మార్గం లేకపోలేదు. సెక్యూర్ బూట్ అనే కాపలాను కొద్దిసేపు ఆపి, లినక్సులోకి వెళ్ళి, ఆ నిషేధాన్ని తొలగించే ఆదేశం ఒకటి ఇచ్చి, మళ్ళీ కాపలా పెట్టుకుంటే లినక్స్ ఎప్పటిలా లేచింది. డిస్కులో ఒక్క అక్షరం కూడా తుడవనక్కర లేకపోయింది. అయినా ఆ రోజుల్లో "ఫార్మాట్ కొడితే సరిపోద్ది" అన్న సలహాతో ఎన్ని డిస్కులు ఖాళీ అయ్యాయో దేవునికెరుక.

ఇక నిదానం సంగతి. ఆయుర్వేదంలో రోగం ఏదో తేల్చడాన్ని నిదానం అంటారు. చికిత్స దాని తరువాతి మాట. రెండు డిస్కుల కంప్యూటరు మొరాయించినప్పుడు నిదానానికి ఒక వరుస ఉంది.

మొట్టమొదట, బోర్డు సెట్టింగులలోకి వెళ్ళి రెండు డిస్కుల పేర్లూ కనబడుతున్నవో లేవో చూడాలి. ఒకటి కనబడకపోతే అనుమానం తీగ మీద, ఆ తరువాతే డిస్కు మీద. పెట్టెను ఆటోలో తిప్పినా, దుమ్ము దులిపినా తీగ వదులుకావచ్చు. తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కు పోయి ఉంటే బోర్డు మీది బిళ్ళ సెల్లు, సీఆర్ 2032 అనేది, అయిపోయిందని అర్థం. సెల్లు పోతే సెట్టింగులు మొదటికి వస్తాయి, లేచే వరుస కూడా మారవచ్చు. చవకగా దొరికే ఆ సెల్లు మార్చి వరుస సరిచేస్తే తీరే జబ్బుకు డిస్కును బలి ఇచ్చినవారున్నారు.

రెండవది, మీట నొక్కిన వెంటనే ఆ ఒక్కసారికి ఏ డిస్కు నుంచి లేవాలో అడిగే పట్టికను తెప్పించాలి. డెల్, లెనోవో యంత్రాలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ బోర్డులలో ఎఫ్8, ఎంఎస్ఐలో ఎఫ్11. ఆ పట్టికలో ఒకసారి విండోసునూ మరొకసారి లినక్సునూ ఎంచుకుని చూడాలి. రెండూ లేస్తే జబ్బు ఏమీ లేదు, పిలుపుల వరుస మారిందంతే. సెట్టింగులలో వరుస మార్చుకుంటే చాలు. నా సహోద్యోగి యంత్రానికి ఈ పరీక్ష చేసి ఉంటే రెండు నిమిషాలు పట్టేది. ఎవరూ చేయలేదు.

మూడవది, లినక్స్ లేస్తుంది గాని దాని పట్టికలో విండోస్ కనబడదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర వ్యవస్థలను వెతికే పనిని భద్రత పేరుతో మొదటే ఆపివేసి ఉంచారు. గ్రబ్ అమరికల ఫైలులో ఆ వెతుకులాటను తిరిగి అనుమతించి, పట్టికను కొత్తగా వ్రాయించుకుంటే విండోస్ వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ పోయింది పట్టికలో ఒక పంక్తి.

నాలుగవది, నల్లని తెర మీద గ్రబ్ రెస్క్యూ అన్న మాట కనబడి ఆగిపోవడం. లేపేవాడు ఒక డిస్కులో ఉండి, వాడు వెతికే సరంజామా మరొక డిస్కులో ఉండి, అది అందనప్పుడు ఇలా జరుగుతుంది. ఏ డిస్కునైనా విప్పారా, ఏ విభాగాన్నైనా తొలగించారా అని ముందు అడగాలి. లినక్స్ డిస్కు స్థానంలోనే ఉంటే, పెన్‌డ్రైవులోని లినక్సుతో యంత్రాన్ని లేపి, గ్రబ్‌ను మళ్ళీ ఎక్కించవచ్చు. ఇందులోనూ రాతలు తుడిచే పని లేదు.

ఐదవది ఒక హెచ్చరిక. సెక్యూర్ బూట్ జోలికి పోయే ముందు విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉందేమో చూసుకోవాలి. విండోస్ 11 యంత్రాలలో మనం అడగకుండానే ఈ తాళం పడుతున్న సందర్భాలు ఉన్నాయి. కాపలా మారగానే విండోస్ 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది ముందే కాగితం మీద వ్రాసిపెట్టుకోనివారికి తరువాత ఏడుపే.

మిగిలినవి జబ్బులు కావు, స్వభావాలు. లినక్సులో విండోస్ డిస్కు చదవడానికి వస్తుంది గాని వ్రాయనీయదు. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ పేరుతో పూర్తిగా ఆరిపోక సగం నిద్రపోవడం దీనికి కారణం. ఆ సదుపాయం తీసివేస్తే తీరుతుంది. విండోసుకూ లినక్సుకూ మారినప్పుడల్లా గడియారం ఐదున్నర గంటలు తప్పుతుంది. విండోస్ యంత్రపు గడియారాన్ని స్థానిక కాలంగా చదువుతుంది, లినక్స్ విశ్వకాలంగా చదువుతుంది. మన దేశానికి ఆ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. దీనికి "మదర్‌బోర్డు పోయింది" అని తేల్చి కొత్త బోర్డు అమ్మజూపిన మహానుభావుని గురించి కూడా విన్నాను.

నాకు ఎదురయ్యే వాదాలు నాకు తెలుసు. మొదటిది అంగడివారిది. "గంటసేపు వెతికితే దానికి డబ్బెవరిస్తారు సార్? ఫార్మాట్ కొడితే అరగంటలో పని అయిపోద్ది." ఈ మాటలో నిజం ఉంది, అందుకే దీనికి గౌరవంగా జవాబు చెబుతాను. మనం వైద్యునికి నాడి చూసినందుకే ఫీజు ఇస్తాము. కంప్యూటరు అంగడిలో మాత్రం చూసినందుకు ఇవ్వము, ఏదో ఒకటి చేస్తేనే ఇస్తాము. ఎఫ్12 నొక్కి రెండు నిమిషాలలో బాగుచేసిన కుర్రవానికి "ఇంతేనా? దీనికి డబ్బులా?" అంటాము. కనుక వాడు చేతికి కనబడే పని చేస్తాడు. తుడిచి, ఎక్కించి, అరగంట తెర మీద చుక్కలు తిప్పించి, బిల్లు ఇస్తాడు. కుర్రవాని అజ్ఞానాన్ని మన పిసినారితనం పోషిస్తున్నది. నిదానానికి ధర కట్టండి, చూసినందుకే రెండు వందలు పుచ్చుకోండి. నేను సంతోషంగా ఇస్తాను, నలుగురి చేత ఇప్పిస్తాను.

రెండవ వాదం ఇంట్లోవారిది. "రెండెందుకు? ఒకటి చాలదా?" 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 కావాలి, ప్రాసెసరు ఫలానా తరానిదై ఉండాలి. మా ప్రాంతంలో పంతుళ్ళ ఇళ్ళలో, చిన్న అచ్చు కార్యాలయాలలో ఉన్న యంత్రాలలో అనేకం ఆ పరీక్షకు నిలవవు. అవి చెడిపోయినవి కావు. చిన్న ఎస్ఎస్డీ ఒకటి తగిలించి దానిలో లినక్స్ పెట్టుకుంటే ఇంకా కొన్నేళ్ళు సేవ చేస్తాయి. పాత అచ్చుపని కోసం పాత డిస్కు అలాగే ఉంటుంది, జాలానికి దూరంగా. రెండు వ్యవస్థలు పెట్టుకోవడం మాబోటివారికి పొదుపు, విలాసం కాదు. అందుచేత రెండింటినీ సరిగా నిలబెట్టగలిగిన విద్య కూడా మా ఊళ్ళకు అవసరం.

మూడవ వాదం లినక్స్ భక్తులది. "విండోసును పూర్తిగా వదిలేయండి, ఏ బాధా ఉండదు." అయ్యా, అను ఖతులలో అచ్చైన తెలుగు సాహిత్యం ఎంత ఉందో మీకు తెలుసా? ఆ ఫైళ్ళు తెరిచి యూనికోడులోకి మార్చుకునే దాకా పాత కొంపను ఖాళీ చేయలేము. ఇరవై ఏళ్ళ క్రితం హైదరాబాదు నుంచి స్వేచ్ఛ వారు తెలుగులో లినక్సును తెస్తే సంబరపడినవారిలో నేనూ ఒకడిని. ఆ అభిమానంతోనే చెబుతున్నాను: "వదిలేయండి" అన్న సలహా కూడా ఒక విధమైన ఫార్మాటే.

నా కోరికలు మూడు. అంగడివారికి: యజమాని ఒక కాగితం మీద "తుడవండి" అని సంతకం చేస్తే తప్ప డిస్కు తుడవరాదు. తుడిచే ముందు పెన్‌డ్రైవులోని లినక్సుతో లేపి, లోపల ఏముందో ఆయన కళ్ళకు చూపాలి. ఈ పనికి కొనవలసినది ఏమీ లేదు, ఒక పెన్‌డ్రైవు చాలు. సంస్థలకు: చదవరాని విభాగాన్ని ఖాళీ అనకండి, ఉమ్మడి జ్ఞాపకంలో చేయి పెట్టే ముందు అడగండి, వాడుకరి ఎంచుకున్న డిస్కులోనే వ్రాయండి.

మూడవ కోరిక మనకు. ఈ విషయాలన్నీ ఆంగ్లంలో కొల్లలుగా ఉన్నాయి. మా అంగడి కుర్రవానికి ఆ ఆంగ్లం రాదు, వచ్చినవాడు చదివే ఓపిక చూపడు. వాడు చూసేది తుడిచే విధానం నేర్పే వీడియోలు. కవిత్వం మీద, ఛందస్సు మీద, పాత సినిమాల మీద మనం వేలకొద్దీ టపాలు వ్రాసుకున్నాము. మంచిదే. ఆ తెలుగు మొత్తం ఏదో ఒక డిస్కు మీదనే నిలిచి ఉంది. దానిని కాపాడే విద్యను తెలుగులో వ్రాయకపోతే, ఏదో ఒక సాయంకాలం ఎవరో ఒక కుర్రవాడు దానిని ఖాళీ అని తేలుస్తాడు. తప్పు వాడిది కాదు, వానికి వాని భాషలో చెప్పనివారిది.

కనుక సాంకేతికం తెలిసిన మిత్రులు ఈ వరుసను సరిదిద్ది, పెంచి, తమ తమ పుటలలో వ్రాయవలసినదిగా నా మనవి. మీ ఊళ్ళలో తుడిచే ముందు లోపల ఏముందో చూపే అంగళ్ళు ఏవైనా ఉంటే వ్యాఖ్యలలో తెలియజేయండి. తిట్టడానికి ఇంత చోటు వాడుకున్నాను కనుక, మెచ్చుకోవడానికి కూడా కొంత చోటు ఉంచుతాను. ఈలోగా మీ రాతలకు నకలు ఒకటి ఇంట్లో, మరొకటి ఇంకొకరి ఇంట్లో ఉంచుకోగలరు.

స్వస్తి.